చివర ‘రీనో’

సాంతా వెరోనికా చక్కెర మిల్లులో పొద్దున ఆరు గంటల షిఫ్టువాళ్ళు పనిలోకి దిగే ముందు గానుగ ప్యానెల్ దగ్గర ఒక్క క్షణం ఆగేవాళ్ళు. అదొక నిలువెత్తు ఇనప పెట్టె. దాని మధ్యలో పలకంత నల్లటి తెర, తెర మీద ఆకుపచ్చ అక్షరాలు. గానుగ వేగం, వేడి, చెరకు బరువు చూపించడం దాని పని. ఆ రోజు షిఫ్టులో ఎవరికైనా ప్రమాదం జరిగేదుంటే వాళ్ళ పేరు కూడా చూపించేది. పేరు పడినవాళ్ళు సంచీ భుజాన వేసుకుని ఇంటికి పోయి పడుకునేవాళ్ళు. హాజరు పుస్తకంలో జ్వరం అని రాసినట్టే ‘పేరు పడింది’ అని రాసేవాళ్ళు. అర్జెంటీనాలో ఆ తుకుమాన్ చుట్టుపక్కల ఇంకే మిల్లులోనూ ఇంతమంది పది వేళ్ళతో రిటైరవలేదు.

ఆ ప్యానెల్ నడిపేది ఎతెల్వీనా. భర్త పోయాక ఆయన ఉద్యోగంలో చేరి ఇరవై రెండేళ్ళయింది. మాట కటువు, చెయ్యి నిదానం. రోలర్ల మోత విని పిప్పి ఎంత తడిగా వస్తోందో చెప్పగలదు.

రెండేళ్ళుగా తెర ఎడమ పక్క చచ్చిపోతూ వచ్చింది. ఆ రకం తెరలు చేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. విడిభాగాలు పాత ఇనప కొట్లలో కూడా దొరకలేదు. పేర్లకి తోకలే మిగిలాయి. జూలైలో ఒకరోజు ‘ఈనా’ అని పడితే ఎతెల్వీనాతో కలిపి ఐదుగురు ఆడవాళ్ళు ఇంటికి వెళ్ళిపోయారు, బస్తాలు కుట్టే పని ఆగిపోయింది. మేనేజరు ఇబార్రా ఆ సాయంత్రమే కొత్త ప్యానెల్ కావాలని పైకి రాశాడు. మరి పేర్లో అని ఎవరో అడిగితే, పేర్లు చెప్పడం టెండరులో లేదన్నాడు.

కొత్తది బిగించడానికి కాంట్రాక్టరు ఒక మనిషిని పంపించాడు. సీజన్ మధ్యలో మిల్లు ఆపడం కుదరదు కాబట్టి, గానుగ తిరుగుతుండగానే రోలర్ల కింద దూరి కొత్త వైర్లు లాగమన్నారు. పాత పెట్టె ఊడదీసి కొత్తది పెట్టేటప్పుడు మాత్రం ఒక గంట ఆపుతామన్నారు. అతను రెండు రోజులు పాత వైర్లకి ఒక్కోదానికీ గుర్తు కట్టుకుంటూ కూర్చున్నాడు. మిల్లు జనం అతన్ని ‘ఇంజనీరు’ అని పిలిచేవాళ్ళు. అందులో కొంత మర్యాద, కొంత వెటకారం.

మూడో రోజు తెర మీద ‘రీనో’ అని పడింది. పాత ప్యానెల్‌కి అదే ఆఖరి రోజు. సెవెరీనో, విక్తొరీనో సంచులు తీసుకున్నారు. రేపట్నుంచి ఈ సుఖం ఉండదు, బాగా నిద్రపోండని ఇబార్రా వాళ్ళని సాగనంపాడు.

పదిన్నరకి అందరూ మాతె ఆకు టీ తాగే వేళ ఎతెల్వీనా వేడినీళ్ళు పోసిన సొరబుర్ర అతని చేతికిచ్చింది. అతను తన రొట్టె తుంచి సగం ఆమెకి పెట్టాడు. ఇంట్లో రెండేళ్ళ కూతురుందని, ఈ మధ్యే ‘నాన్నా’ అంటోందని చెప్పాడు.

“రెండ్రోజుల్నుంచీ ఇంజనీరూ ఇంజనీరూ అంటున్నాం. నీ పేరేంటి నాయనా?” అని అడిగిందామె.

“సెఫెరీనో. ఇంజనీరునేం కాదమ్మా, వైర్లు లాగేవాణ్ణి.”

ఎతెల్వీనా అతని చేతిలోంచి బుర్ర తీసుకుని కింద పెట్టేసింది. లేచి ఇంటికి పొమ్మంది. అతను తెర వైపు చూడను కూడా చూడలేదు. పొద్దున్నే చూశానన్నాడు.

“పేరు పడితే ఇంటికెళ్ళేది మీరమ్మా. మా కాంట్రాక్టరు దగ్గర హాజరు పుస్తకమే లేదు. నేను పోతే మధ్యాహ్నానికి ఇంకొకడొస్తాడు, రేపట్నుంచి వాడే వస్తాడు.”

ఆమె ఇబార్రా గదికి వెళ్ళింది. అతను మన మనిషి కాదు, సెలవిచ్చే అధికారం నాకు లేదు అన్నాడాయన, కాగితాల మీంచి తల ఎత్తకుండా. ఆమె తిరిగొచ్చేసరికి రోలర్ల కింద సెఫెరీనో బూట్లు మాత్రమే కనబడుతున్నాయి. ఎతెల్వీనా ప్యానెల్ మీది ఎర్ర బటన్ నొక్కింది. గానుగ మూలుగుతూ మూలుగుతూ ఆగింది. ఆమె వీపు ఆ బటన్‌కి ఆనించి, చేతులు కట్టుకుని నిలబడింది.

ఇబార్రా పరిగెత్తుకొచ్చాడు. “దోన్యా ఎతెల్వీనా, చెరకు లారీలు రోడ్డుదాకా ఆగిపోయాయి. తప్పుకోండి.”

“రెండింటికి షిఫ్టు అయిపోద్ది. అప్పుడు తప్పుకుంటా.”

“ఎవడో బయటి మనిషి కోసమా?”

“మీకు బయటివాడు. దీనికి కాదు,” అంది ఆమె, తలతో వెనక ప్యానెల్‌ని చూపిస్తూ.

ఆమెని లాగేయమని ఇబార్రా నలుగురికి చెప్పాడు. ఆ నలుగురూ తమ బూట్ల వైపు చూసుకుంటూ నిలబడ్డారు. కింద సెఫెరీనో పని మానలేదు. కదలని రోలర్ల మధ్య మూడు గంటలూ వైర్లు లాగుతూనే ఉన్నాడు. రెండు కొట్టాక బయటికొచ్చాడు. మోచేతులదాకా నల్లటి గ్రీజు. గుడ్డతో ఒక్కో వేలూ తుడుచుకున్నాడు.

“ఇదంతా నా మీదికొస్తుందమ్మా,” అన్నాడు మెల్లగా. తర్వాత స్క్రూడ్రైవరు తీసి పాత ప్యానెల్ ఊడదీయడం మొదలుపెట్టాడు.

కొత్త తెర రంగురంగులది, వేలితో తాకితే చాలు. బరువూ వేడీ ఇంకా చక్కగా చూపిస్తుంది. పొద్దున షిఫ్టువాళ్ళు అలవాటు కొద్దీ దాని ముందు ఆగుతారు, ఏమీ లేకపోతే గ్లౌజులు తొడుక్కుని లోపలికి పోతారు. ఎప్పుడూ ఏమీ ఉండదు.

ఎతెల్వీనాని ఉద్యోగంలోంచి తీసెయ్యాలంటే మేనేజరు కాక కళ్ళారా చూసిన సాక్షి ఇంకొకరు కాగితం మీద సంతకం పెట్టాలి. మిల్లులో ఒక్కరూ ఒప్పుకోలేదు. పిప్పి దుమ్ములో ఏమీ కనబడలేదని అందరూ ఒకే మాట చెప్పారు. వారం తిరిగాక ఆమెకి తొలగింపు ఉత్తరం వచ్చింది.

మర్నాడు సెవెరీనో ఆమె ఇంటికొచ్చాడు. ఆమె పిండి కలుపుతోంది. అతను టోపీ చేతిలో నలుపుకుంటూ గుమ్మంలోనే నిలబడి, సాక్షి సంతకం పెట్టింది సెఫెరీనో అని చెప్పాడు. పెట్టకపోతే ఇంకో పని దొరకదని కాంట్రాక్టరు బెదిరించాడట. నిన్న ఇబార్రా గదిలో సంతకం పెడుతుంటే తను తలుపు దగ్గరే ఉన్నాడట.

ఎతెల్వీనా పిండిలోంచి చెయ్యి తీయలేదు.

“ఏ చేత్తో పెట్టాడు?”

సెవెరీనో టోపీ నలపడం ఆపి తన చేతులు చూసుకున్నాడు.

“కుడిచేత్తోనే. రెండో చేత్తో కాగితం కదలకుండా పట్టుకున్నాడు.”