తలనొప్పి సాకు

సెలవులు మొదలైన నాలుగో రోజు పొద్దున్న పిచ్చుక మళ్ళీ అదే పాట ఎత్తుకుంది.

"అమ్మా, తల నొప్పెడుతోంది."

"తొమ్మిదిన్నర కొట్టగానే ఠంచనుగా వచ్చేస్తోందేం? నీ తలనొప్పికి ఎవరైనా గడియారం కొనిపెట్టారా?" అంది టీచరమ్మ, గోడకి తగిలించిన బోర్డు తుడుస్తూ.

టీచరమ్మ అన్నది ఆ మేడలోవాళ్ళు పెట్టిన పేరు. ఎనిమిదేళ్ళు బడిలో లెక్కలు చెప్పింది. ఇప్పుడామెకి విద్యార్థులు ఇద్దరే, ఇద్దరూ కడుపున పుట్టినవాళ్ళే. పదేళ్ళ కూతురు నోరు మూయదు కాబట్టి పిచ్చుక. ఆరేళ్ళ కొడుకు గుండ్రంగా, బొద్దుగా ఉంటాడు కాబట్టి బుడంకాయ.

నిరుడు పిచ్చుక బడి పేరెత్తితే చాలు, వాంతి చేసుకునేది. ఒకరోజు కడుపునొప్పి, ఒకరోజు కాళ్ళు పీకులు. డాక్టర్లు చూసి జబ్బేమీ లేదు, భయమే అన్నారు. చివరికి పిల్లలిద్దరినీ బడి మాన్పించి, తనూ ఉద్యోగం మానేసి, ఇంట్లోనే చదువు చెప్పడం మొదలుపెట్టింది. "ఇంట్లో కూర్చుని చదివేదీ ఒక చదువేనా?" అని అత్తగారు ఫోన్ చేసినప్పుడల్లా దెప్పుతూనే ఉంది. సెలవులు అవగానే చదువుల ఆఫీసు నుంచి ఒకావిడ వచ్చి పిల్లల్ని పరీక్షిస్తుంది. ఆవిడ పెదవి విరిచిందా, మళ్ళీ బడికే. ఆ తేదీకి టీచరమ్మ భయంగా రోజులు లెక్కపెడుతోంది. అందుకే ఊళ్ళో పిల్లలంతా మంచులో దొర్లుతున్నా ఈ ఇంట్లో పాఠాలు ఆగలేదు.

మేడ సగం ఖాళీ. అందరూ తమ తమ వాళ్ళ దగ్గరికి ప్రయాణాలు కట్టారు. వాళ్ళని చేరవేసే రైళ్ళలో ఒకదానికి గార్డు టీచరమ్మ భర్త. సెలవుల రద్దీలో మూడు రోజులుగా ఇంటి మొహం చూడలేదు. కింద అంతస్తులో బట్టలు కుట్టే ముసలావిడ మిషను చప్పుడు తప్ప మేడలో అలికిడి లేదు.

పాఠాలు చెప్పే గదిలో మూలన గ్యాసు హీటరు. దాని గొట్టం గోడలోంచి బయటికి పోతుంది. ఈసారి చలి మరీ ఎక్కువని, కిటికీ సందులన్నిటికీ తనే దళసరి టేపు అంటించింది.

"నాక్కూడా నొప్పే," అన్నాడు బుడంకాయ, అక్క ఏదంటే అదే తనకీ కావాలి కాబట్టి.

"నిన్నా ఇంతే. పాఠమయ్యాక మంచులో ఆడుకోండర్రా అనగానే ఇద్దరికీ మాయమైపోయింది. వీధిలోకెళ్తే తగ్గే తలనొప్పికి మందు లేదు. పుస్తకం తియ్యి."

నిజానికి ఆమెకీ పొద్దుటినుంచి కణతలు పోటెత్తుతున్నాయి. నిద్ర చాలక అనుకుంది. హీటరు ఇంకాస్త పెంచింది.

పదిన్నరయ్యేసరికి పిచ్చుక అక్షరాలు గీత దిగి కిందికి జారుతున్నాయి. "సరిగ్గా రాయవే!" అని కసిరింది. పిల్ల ఎదురుచెప్పలేదు. మామూలుగా ఒక్కమాటకి పది మాటలు అప్పజెప్పే పిల్ల. బుడంకాయ ఎప్పుడో కుర్చీ దిగి తివాచీ మీద ముడుచుకున్నాడు. పోనీలే, వీడు నిద్రపోతే దీనికైనా నేర్పుదాం అనుకుంది తల్లి.

బోర్డు మీద ఏడెనిమిదులు అని రాసి, పక్కన యాభై నాలుగు వేసింది.

పిచ్చుక తల బల్లమీదే ఆనించి, కళ్ళు సగం తెరిచి చూసింది. "యాభై ఆరు కదమ్మా..."

టీచరమ్మ బోర్డు వైపు తిరిగింది. యాభై ఆరా? ఏడు ఏడులు ఎంత? దానికి ఏడు కలిపితే? అంకెలు చేతికి దొరకడం లేదు. వేళ్ళు మడిచి లెక్కపెట్టబోయింది. ఏ వేలు మడిచిందో మరిచిపోయింది. నిద్రలో లేపి అడిగినా చెప్పే ఎక్కం!

అప్పుడు వచ్చింది భయం. పిల్లకి నొప్పి. పిల్లాడికి నొప్పి. తనకీ నొప్పి. వీధిలో లేదు, ఈ గదిలోనే ఉంది. ఆమె చూపు హీటరు మీద పడింది. మంట ఎప్పటిలా నీలంగా లేదు. పసుపుపచ్చగా, సోమరిగా ఊగుతోంది.

"పిచ్చుకా, లే! లేవే!"

పిల్ల పలకలేదు.

హీటరు కట్టేసింది. కిటికీ లాగింది. టేపు ఊడలేదు. గోళ్ళతో పీకింది, ఒక గోరు విరిగింది గానీ టేపు కదల్లేదు. దాంతో పెట్టుకుంటే లాభం లేదని తలుపు దగ్గరికి పరిగెత్తబోయి మోకాళ్ళమీద పడింది. కాళ్ళు తనవి కానట్టున్నాయి. పాకుతూ వెళ్ళి తలుపు బార్లా తీసింది.

వెనక్కి తిరిగితే ఇద్దరు పిల్లలు. ఇద్దర్నీ ఒక్కసారి మోసే బలం లేదు. ఎవర్ని ముందు? తేల్చుకోడానికి ఎంతసేపు పట్టిందో ఆమెకే తెలియదు. తలుపుకి దగ్గర ఉన్నవాడు బుడంకాయ. వాడి చంకల్లో చేతులు వేసి మెట్ల దాకా ఈడ్చింది. వాడి తల వేలాడిపోతోంది.

"పిన్నిగారూ! పిన్నిగారూ!" అని కేక పెట్టింది. గొంతు పీలగా వచ్చింది. కింద మిషను చప్పుడు ఆగలేదు.

మళ్ళీ లోపలికి వెళ్ళింది. ఊపిరి బిగబట్టింది. పిచ్చుకని కుర్చీలోంచి తివాచీ మీదికి దించి, తివాచీ అంచు పట్టుకుని లాగింది. గుమ్మం దగ్గర తివాచీ ఇరుక్కుంది. ఇంక చేతకాదనుకుంది. "చేతకాకపోతే చస్తుంది," అని పైకే అనుకుంది. ఆ మాట చెవిన పడగానే ఎక్కడలేని బలమూ వచ్చి ఒక్క గుంజు గుంజింది.

మిషను ఆగింది. "ఏమిటమ్మాయ్, పైన ఆ ఈడుపులేమిటి?" అంటూ ముసలావిడ మెట్లెక్కి వచ్చింది, మెడలో కొలతల టేపుతోనే. చూసి కొయ్యబారిపోయింది.

"గ్యాసు... పిల్లలు..."

ఆవిడ మరో ప్రశ్న వెయ్యలేదు. మెట్లమీది కిటికీ తెరిచి, బుడంకాయని ఒళ్ళోకి లాక్కుని చల్లగాలికి పట్టింది. రెండు చెంపలూ తట్టింది. "ఒరేయ్ నాయనా, పలకరా! ఏడవరా తండ్రీ, గట్టిగా ఏడు!"

పిచ్చుక ముందు కదిలింది, దగ్గింది, వాంతి చేసుకుంది. బుడంకాయ కదల్లేదు. అంబులెన్సుకి ఫోన్ చేస్తున్న టీచరమ్మకి సొంత వీధి పేరు గుర్తురాలేదు. ముసలావిడ ఫోన్ లాక్కుని చెప్పింది. అంబులెన్సు కూత వినపడుతుండగా బుడంకాయ మొహం ముడిచి, సన్నగా, కోపంగా ఏడుపు లంకించుకున్నాడు. ఆ ఏడుపు విని తల్లి గోడకి చేరగిలబడి, చేతుల్లో మొహం దాచుకుంది.

ఆసుపత్రిలో పిల్లలిద్దరికీ, తనకీ ఆక్సిజన్ పెట్టారు. సాయంత్రానికి డాక్టరు, గండం గడిచిందని చెప్పి, కాగితం తీసి అడిగాడు. "తలనొప్పి అని పిల్లలు ఎప్పటినుంచి అంటున్నారమ్మా?"

ఇవాళే అనొచ్చు. కాదనేవాళ్ళెవరూ లేరు.

"మూడు రోజుల నుంచి," అంది. "చెబుతూనే ఉన్నారు. పాఠం ఎగ్గొట్టడానికనుకున్నాను."

డాక్టరు రాసుకున్నాడు. ఒక్క మాట తిట్టినా బాగుండేదనిపించింది ఆమెకి.

పిచ్చుక మంచం మీద అటు తిరిగి పడుకుని ఉంది. తల్లి పక్కన కూర్చుంది.

"నేను అబద్ధం చెప్పలేదు," అంది పిల్ల, గోడ వైపే చూస్తూ.

"లేదమ్మా. చెప్పలేదు."

"బడి అప్పుడు కూడా చెప్పలేదు. నిజంగానే కడుపు నొప్పెట్టేది."

టీచరమ్మ ఇంకాస్త దగ్గరికి జరిగింది. పిల్ల వీపు మీద చెయ్యి వేసింది. పిల్ల ఆ చేతిని తోసెయ్యలేదు. అలాగని ఇటు తిరగనూ లేదు.

హీటరు గొట్టం అతుకు ఊడి, బయటి మూతి మంచుతో గడ్డకట్టుకుపోయి, విషవాయువు గదిలోనే నిండిందని మర్నాడు మెకానిక్ తేల్చాడు. భర్త రైలు దిగి సరాసరి ఆసుపత్రికి వచ్చాడు, టోపీ అయినా తియ్యకుండా. చదువుల ఆఫీసావిడ పరీక్షని ఒక నెల వాయిదా వేసింది. ఆ నెల తరవాత వచ్చి, పిల్లలు బాగానే చదువుతున్నారంది. ఆ మాట వింటే ఎగిరి గంతేస్తుందనుకున్న టీచరమ్మ తల ఊపి ఊరుకుంది.

భయం మాత్రం ఇల్లు వదల్లేదు. పక్క గదిలో ఐదు నిమిషాలు అలికిడి లేకపోతే చేతిలో పని అక్కడే వదిలేసి, "పిచ్చుకా! బుడంకాయా!" అని పిలుస్తుంది. పలికేదాకా పిలుస్తూనే ఉంటుంది.

"ఉన్నామమ్మా! చదువుకోనీ!" అని విసుక్కుంటుంది పిచ్చుక.