చెవిలో ఒక్క పిలుపు

అత్తమ్మను పక్కకు తిప్పేముందు చెప్పి తిప్పడం నాకు అలవాటు. "అత్తమ్మా, జర పక్కకు తిప్పుతున్న, భయపడకు" అంటాను. చెప్పకుండా ముట్టుకుంటే ఆమె ఒళ్లంతా కట్టెలా బిగుసుకుపోతుంది. చెబితే మెత్తబడుతుంది. వీపు తుడిచి, పౌడరు రాసి, బట్ట మార్చేదాకా ఓర్చుకుంటుంది. పక్షవాతంతో మాట పోయింది, కుడివైపు పడిపోయింది. మెడ మాత్రం కొద్దిగా తిప్పగలదు. చెప్పి ముట్టుకుంటే మెత్తబడుతుందని అంటే మా ఆయన పర్శరాములు నవ్వుతాడు. "గోడతోని మాట్లాడినట్టే అనసూర్యా. ఆమెకు తెలివి లేదని డాక్టర్ చెప్పలేదా?"

తెలివి ఉండకపోవచ్చు అన్నాడు డాక్టర్. ఆ "పోవచ్చు"ను మా ఆయన ఇంటికి వచ్చేలోపే మింగేశాడు.

ఆయన కరీంనగర్‌లో ఫిజిక్స్ లెక్చరర్. ప్రతి ఆదివారం మా హాల్లో కొందరు పెద్దమనుషులు కూర్చుంటారు. భూమికి, నక్షత్రాలకు, అణువులకు పునాది పదార్థం కాదు, చైతన్యమే అని ఆయన వాళ్లకు చెబుతాడు. మెదడులోంచి ఎరుక పుట్టలేదు, ఎరుకలోనే మెదడు పుట్టిందంటాడు. నేను వంటింట్లో చాయ్ పెడుతూ వింటాను. నిజం చెప్పొద్దూ, ఆ మాట నాకు ఎంతో నచ్చింది. అంట్లు తోముతూ దాని గురించే ఆలోచించేదాన్ని. అంతా ఎరుకే అయితే మంచంలో ఉన్నదీ అదే, పొయ్యి దగ్గర ఉన్నదీ అదే. మరి ఆ లెక్క మా హాలు గడప దాటి లోపలికి ఎందుకు రాదు? ఒకసారి అడిగాను కూడా. "మెదడు దెబ్బతిన్నా ఎరుక పోదంటరు గదా, మరి అత్తమ్మది ఎటు పోయింది?"

"చాయ్‌ల చక్కెర తక్కువెయ్యి, రామచంద్రం సారుకు షుగరున్నది" అన్నాడు.

పెళ్లయినప్పటి నుంచి నా ప్రశ్నలకు వచ్చిన జవాబులన్నీ అటువంటివే. నేనున్న గదిలోనే, "మా ఆమెకేం తెలుస్తది" అని ఆయన నా గురించి అంటుంటే విన్నదాన్ని. అత్తమ్మ బాధ నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? మగ్గాలకు కండెలు చుట్టి ఆయనను చదివించిన మనిషి ఆమె.

పోయిన శుక్రవారం ఆ తల్లి మొహం పైనుంచే ఆయన నాతో అన్నాడు. "పెద్దపల్లి దిక్కు ముసలోళ్ల ఆశ్రమం ఒకటి ఉన్నది. సోమవారం బండి వస్తది. ఆమెకు యాడున్నా ఒకటే. నీకు గూడ పరేషాన్ తప్పుతది."

అత్తమ్మ ఎడమచేతి వేళ్లు నా కొంగు పట్టుకున్నాయి. ఆయన బయటికి పోయాక కూడా వదల్లేదు. నాకు ఏడుపొచ్చింది. అలసిపోయాను, అబద్ధమెందుకు? నడుము పోయింది, నిద్ర పోయింది. ఆ బండి వస్తే బాగుండునని ఒక్క క్షణం అనుకున్నాను కూడా. కానీ అక్కడ ఆమెను చెప్పి ముట్టుకునేవాళ్లు ఎవరుంటారు?

ఆదివారం చాయ్ పళ్లెం పట్టుకుని హాల్లోకి వెళ్లాను. "రాయిల గూడ చైతన్యం ఉన్నది, నిద్రపోతున్నదంతే" అంటున్నాడు ఆయన. పళ్లెం కింద పెట్టి అక్కడే నిలబడ్డాను.

"ఒక్క మాట. పాడె మోసుకపోతుంటే నడుమ దింపుడుగల్లం కాడ దించి, కొడుకు శవం చెవుల మూడుసార్లు పిలుస్తడు గదా. రేపు అత్తమ్మ పోతే మీరు గూడ పిలుస్తరు. బతికున్నప్పుడు ఒక్కసారి పిలువుండ్రి."

"అనసూర్యా, లోపలికి పో." గొంతు పెంచలేదు.

"పోత. మీరు గూడ రాండ్రి. పిలిచినంక గూడ ఆమెకు తెలివి లేదని మీకే అనిపిస్తే బండెక్కియ్యుండ్రి. నేను అడ్డం రాను."

రామచంద్రం సారు చాయ్ ముట్టలేదు. "పోయి పిలువు పర్శరాములూ" అన్నాడు. "దాంట్ల పోయేదేమున్నది?"

అందరూ చూస్తుంటే లేవక తప్పలేదు. మంచం దగ్గర వంగాడు. నోరు తెరిచాడు, మాట రాలేదు. ఆ పిలుపు ఆ నోటికి కొత్తయిపోయింది. అత్తమ్మ కదలకపోతే ఆయన మాటే నిజమవుతుంది, ఆమెను నా చేతులతో నేనే పంపాలి.

"అవ్వా."

ఆమె కళ్లు తెరిచింది. కొడుకును తేరిపార చూసింది. కంటి కొసన నీళ్లు జారాయి. తర్వాత, ఆ మెడలో మిగిలిన సత్తువంతా కూడగట్టుకుని, మెల్లగా మొహం నా వైపు తిప్పుకుంది.

ఆయన మళ్లీ పిలవలేదు. సోమవారం పొద్దున బండి వచ్చి గేటు ముందు ఆగింది. ఆయనను అడగకుండానే నేను దాన్ని వెనక్కి పంపాను.