పూలకుండీలకు పోసిన నీళ్లు

నారాయణపట్న సైటుకు రోజుకొక్క నీళ్ల ట్యాంకరే వస్తుంది. ఆ నీళ్లు కొత్తగా కడుతున్న బాలికల హాస్టల్ స్లాబు మీదికెక్కకుండా గేటు పక్క పూలకుండీల్లోకి పోతుంటే గౌతమికి ఒళ్లు మండిపోయింది.

ఆ కంపెనీలో నాణ్యత చూసే ఇంజనీరు ఆమె. యజమాని సోమేశ్వరరావు స్వయానా మేనమామ. రాయగడలో సిమెంటు కొట్టు నుంచి కాంట్రాక్టులదాకా ఎగబాకినవాడు. నాణ్యత ప్రమాణాలు మారాయనీ, కొత్త సర్టిఫికెట్ లేకపోతే టెండర్లు రావనీ తెలిసిన దగ్గర్నుంచి ఆయనకు కంటిమీద కునుకు లేదు. అలాగని పని మారిందా? లేదు. గోడలకు నినాదాలొచ్చాయి, కుండీలొచ్చాయి. సర్టిఫికెట్ కోసం తనిఖీకొచ్చే ఆడిటరుతో మీటింగుకు నీడ కావాలని, పచ్చి స్లాబు కింది చెక్కలూ, ఆసరాగా నిలబెట్టిన పోట్లూ గడువుకు ముందే పీకించేశాడు. పైన పటారం, లోన లొటారం.

“మావయ్యా, స్లాబుకి నీళ్లు పట్టట్లేదు. ఎండిపోయి నెర్రెలిస్తంది,” అంది గౌతమి.

“ఆడిటరు మేడెక్కుతాడేటమ్మి? మోకాళ్ల నొప్పులట. కనిపించిందే సూపించాల.”

“రేపు దానికింద ఆడపిల్లలు పడుకుంటారు!”

“కొండమీద గుడిసెల్లో పడుకున్నోళ్లకి ఇదే ఎక్కువలే.”

సునాబెడలో సొంతిల్లు కట్టుకున్నప్పుడు స్లాబు మీద గోనెలు పరిచి, పూటపూటా తనే నీళ్లు పట్టిన మనిషి అన్న మాట అది. గౌతమికి ఆ నోటి మీద కొట్టాలనిపించింది.

ఆడిటరు వచ్చి స్లాబు కింద కూర్చున్నాడు. టీ, మిఠాయిలు వచ్చాయి. గౌతమి బయటికి నడిచి, ట్యాంకరు డ్రైవరు ఉమాపతిని పిలిచింది.

“పైపు మేడమీదికి లాగు.”

“బాబు తిడతారమ్మా.”

“తిడితే నన్ను తిడతాడు. నువ్వు లాగు.”

నీళ్లు నిలవడానికి ఆమె ఎప్పుడో కట్టించిన గట్ల మధ్య స్లాబు నిండింది. పాదాలు తడుస్తుంటే గౌతమి అక్కడే నిలబడింది.

కింద సోమేశ్వరరావు వచ్చీరాని హిందీలో, మాకు నాణ్యతే దేవుడండీ అని చెబుతున్నాడు. ఆడిటరు టీలో ఒక చుక్క పడింది. తర్వాత మిఠాయి పళ్లెంలో. ఆ తర్వాత ఆయన బట్టతల మీద. బయట చూస్తే ఎండ ఫెళ్లున కాస్తోంది.

సోమేశ్వరరావు మెట్ల దగ్గరికి పరుగెత్తాడు. “అమ్మీ, నీళ్లాపు! పరువు తీసేస్తన్నావు!”

“నాను ఆపను. ఈ స్లాబు కొట్టించి మళ్లీ ఎయ్యాల. అందాకా దిగను.”

ఆయన బూతులందుకున్నాడు. ఆయన వెనకాల ఆడిటరు, నెత్తి తుడుచుకుని, మోకాలు పట్టుకుని మొదటి మెట్టెక్కాడు.