ఏడో తరగతి వెంటిలేటర్లు

వడ్రంగి వెంటిలేటర్‌లోంచి లాగిన మొదటి కాగితపు ఉండలో చచ్చిన ఎలుక ఉంది. రెండో ఉండలో ఏడో తరగతి పిల్లల లెక్కల పరీక్ష కాగితాలున్నాయి. ఒక్కదాని మీదా ఎర్రసిరా గీత లేదు.

హెడ్మిస్ట్రెస్ చేతిరుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. కాగితాలు ఎలుక ఉచ్చతో పసుపెక్కి, ఒకదానికొకటి అతుక్కుపోయి కంపు కొడుతున్నాయి.

"ఎన్నింటిలో కుక్కారు, బాబాయ్?"

"పైనున్న నాలుగింటిలోనూ అమ్మా. కింద కిటికీలకి మేకులు కొట్టేశారు. ఇది తరగతి గదా, ఇటుకల బట్టీయా? విరిగిన బల్ల బాగుచేద్దామని వచ్చి గంటకల్లా తూగాను. ఉలి వేలు తెంపేదే!"

అతని మనవరాలు ఈ తరగతే. 'చదువు అబ్బదు, బడి నుంచి పంపేయాలి' అని లెక్కల మాస్టారు ఇచ్చిన పదకొండు మంది జాబితాలో మొదటి పేరు ఆ పిల్లదే. సాయంత్రం బడి వదిలేలోగా హెడ్మిస్ట్రెస్ సంతకం పెట్టాలి.

"ఇంట్లో ప్రశ్నలతో నా బుర్ర తినేస్తుందమ్మా. ఇక్కడేమో నిద్రట! మాస్టారు 'గుర్రుబండి' అని పేరు కూడా పెట్టాడు."

హెడ్మిస్ట్రెస్ పైకి చూసింది.

"అన్నీ పీకేయ్ బాబాయ్. మేకులతో సహా."

మధ్యాహ్నం లెక్కల పీరియడ్‌కి ఆమె వెనక బల్లమీద కూర్చుంది. గదిలో గాలి తిరుగుతోంది. వీపులకి అతుక్కున్న చొక్కాలు ఆరిపోయాయి. ఒక్క తలా బల్లమీద వాలలేదు.

మాస్టారు గుమ్మంలోనే ఆగిపోయాడు.

"గాలికి పుస్తకాలు ఎగిరిపోతాయండి. మూయించేద్దాం."

"ఎగరనివ్వండి. మీరు పాఠం చెప్పండి."

అతను బోర్డు వైపు తిరిగాడు. "సున్నాతో భాగించకూడదు. రాసుకోండి."

గుర్రుబండి లేచింది. "ఎందుకు కూడదు మాస్టారూ?"

"కూడదంటే కూడదు. కూర్చో."

"భాగిస్తే ఏమొస్తుంది?"

"వీపుమీద దద్దురొస్తుంది!"

ఎవరూ నవ్వలేదు. మరో ఆరు చేతులు లేచాయి. అంత గాలిలోనూ మాస్టారి చొక్కా తడిసి ముద్దయింది. సుద్దముక్క వేళ్ళ మధ్య విరిగింది.

గంట కొట్టారు. పిల్లలు బయటికి వెళ్ళాక హెడ్మిస్ట్రెస్ ఆ కంపు కాగితాల కట్ట తెచ్చి అతని ముందు పడేసింది. జాబితాని రెండు ముక్కలు చేసి దానిమీద పెట్టింది.

"ఇవి దిద్దనే లేదు. మరి మార్కులు దేన్ని చూసి వేశారు?"

మాస్టారు కుర్చీలో కూలబడ్డాడు. ఎలుక కంపుకి ముక్కు కూడా మూసుకోలేదు. ఆ వాసన అతనికి అలవాటే కాబోలు, అనుకుని ఆమె రెండడుగులు వెనక్కి వేసింది.

"నేనే కుక్కానండి," అన్నాడు. "నాకు లెక్కలు రావు. పుస్తకంలో ఉన్నది బోర్డుమీద ఎక్కించడం వచ్చు, అంతే. చేరిన కొత్తలో ఈ గదికి గాలి బాగా వచ్చేది. రోజూ ప్రశ్నలే. భయంతో అన్నం సయించేది కాదు. ఒకరోజు జల్లు కొడుతుంటే తలుపులూ కిటికీలూ మూశాం. కాసేపటికే తరగతి మొత్తం తూగింది. ఒక్కడూ నోరెత్తలేదు. ఆ వేళ హాయిగా పాఠం చెప్పానండి. ఆ ఉక్కలో కూడా నిద్ర ఆపుకుని అడిగినవాళ్ళు పదకొండు మంది. పరీక్ష కాగితాలు దిద్దకుండా ఆ కంతల్లోకే కుక్కి, వాళ్ళకే తక్కువ మార్కులు వేశాను, ఈ బడిలోంచి పోతారని. వాళ్ళు మొద్దులు కారు, నిద్రమొహాలూ కారు; ఆ పేర్లు నేను పెట్టినవే. ఆ జల్లు పడ్డ మర్నాడే నిచ్చెన తెచ్చుకున్నాను."