వేలాడే పొలం

సుకస్మి సంత నుంచి తిరిగొచ్చేసరికి తలుపు బార్లా తీసి ఉంది. కోళ్ళు లోపలికీ బయటికీ తిరుగుతున్నాయి. వెదురు మంచం మీద అమ్మ లేదు. దిండు లేదు, దుప్పటి లేదు, అమ్మ తాంబూలం పెట్టె కూడా లేదు. మంచం కింద మలం గిన్నె మాత్రం ఉన్నచోటే ఉంది. తీసుకుపోయినవాళ్ళకి దానితో పని లేకపోయింది.

దడికి అవతల పక్కింటి జుమీరా కర్రపెండలం చెక్కు తీస్తూ కూర్చుంది.

"మీ అన్న వచ్చాడమ్మా. సంతకి బాతుల్ని తోలే వ్యాను తెచ్చాడు. నలుగురు పట్టుకుని ఎంత పదిలంగా ఎక్కించారనుకున్నావు. అదృష్టమంటే మీ అమ్మది. నా పిల్లలైతే నేను ఇక్కడే పడి ఉన్నా తొంగి చూడరు."

"నువ్వు ఆపలేదా అక్కా?"

"కన్నకొడుకు తల్లిని తీసుకుపోతుంటే అడ్డం పడ్డానికి నేనెవర్ని? సాయంత్రం కాఫీకి రమ్మని మరీ చెప్పి వెళ్ళాడు."

ఇది చదివే పెద్దమనుషులకి కూడా అలాగే అనిపించవచ్చు. మంచాన పడ్డ తల్లి కోసం పిల్లలు పోటీ పడుతున్నారంటే ఎవరికి మాత్రం ముచ్చట వెయ్యదు? కెడుంగ్‌సరి ఊరు ఊరంతా ఆ ముచ్చటే చెప్పుకుంది. ఆ ముచ్చట అడుగున ఏం కుళ్ళుతోందో అందరికీ తెలుసు, తెలిసే చెప్పుకుంది.

సుకస్మి తల్లి, ముసలి రుకీనా, మొగుడు పోయిన ఏడాదే పొలాలు పంచేసింది. కొడుకులిద్దరికీ రెండేసి వంతులు, కూతురికి ఒక వంతు. అందరు తల్లుల్లాగే తన తిండికని కాలవ పక్క వరిమడి ఒకటి ఉంచుకుంది. ఎవరికీ రాయకుండా ఉంచుకునే ఆ ముక్కని ఊళ్ళో వేలాడే పొలం అంటారు. పెద్దప్రాణం ఎవరి ఇంట్లో పోతే, పోయాక ఆ పూటా మూడోనాడూ ఏడోనాడూ నలభయ్యోనాడూ ఊరికి ఎవరు భోజనాలు పెడితే, ఆ పొలం వాళ్ళ చేతిలో రాలుతుంది. ముసలివాళ్ళు దిక్కులేకుండా పోకూడదని ఎప్పుడో ఎవరో మంచి బుద్ధితో పెట్టిన ఏర్పాటు అది. మంచి బుద్ధి ఎప్పుడో ఎగిరిపోయింది, ఏర్పాటు మిగిలింది.

ఆరేళ్ళు ఆ తల్లి ఎవరికీ అక్కర్లేదు. పెద్దకొడుకు వగీనో తన ఇంట్లో చోటు లేదన్నాడు, మేకల కొట్టం మాత్రం కొత్తగా వేయించుకున్నాడు. చిన్నకొడుకు తుమిజన్ తన భార్యకి ముసలివాళ్ళ దగ్గు పడదన్నాడు. మొగుడు వదిలేసిన సుకస్మి తీసుకెళ్ళి తన ఇంట్లో పెట్టుకుంది. వరిమడి తనే దున్నించుకుని, తనే నాటుకుని, ఇద్దరూ ఆ గింజలే తిన్నారు. తన వంతుకొచ్చిన మెట్టముక్కలో కర్రపెండలం తప్ప మరేదీ పండదు. కాబట్టి ఆ మడి పోతే సుకస్మి ఎవరి పొలంలోనో కూలికి వంగాల్సిందే.

అయితే ఈ వేసవికి ముందు కొలత మనుషులొచ్చి కాలవ పక్కన ఎర్రజెండాలు పాతారు. పెద్ద రోడ్డు అటే వస్తుందట, ఆ పక్క మడులకి ధర పెరుగుతుందట. ఆ మాట ఊళ్ళో పొక్కిన కొన్నాళ్ళకే, ఉపవాసాల నెలలో, రుకీనాకి పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. ఎక్కువ రోజులు ఉండదని వైద్యుడు తేల్చేశాడు. అంతే, కొడుకులిద్దరికీ ఒక్కసారిగా తల్లి గుర్తొచ్చింది.

సుకస్మి ఆ సాయంత్రమే అన్న ఇంటికి వెళ్ళింది. ముందుగదిలో చాపలు పరిచి ఉన్నాయి. ఊళ్ళో సగం మంది అక్కడే ఉన్నారు. వేయించిన పెండలం ముక్కలు, వేడి కాఫీ, లవంగం సిగరెట్లు. గది మధ్యలో అమ్మని దిళ్ళు ఆనించి కూర్చోబెట్టారు. ఒంటికి కొత్త గుడ్డ చుట్టారు, మొహానికి పౌడరు రాశారు. తల ఒక పక్కకి వాలిపోయి ఉంది, పెదవి చివర నుంచి చొంగ కారి పౌడరులో చార కట్టింది. గది నిండా కంపు. పొద్దున్నించీ ఆమె కింద గుడ్డ ఎవరూ మార్చలేదు. ఆ కంపులో కూర్చునే జనం కరకరలాడించి తింటున్నారు.

"రా చెల్లీ, రా. ఏమీ అనుకోకు, చెప్పి తెచ్చే తీరిక లేకపోయింది," అన్నాడు వగీనో మెత్తగా. "పెద్దకొడుకు ఇంట్లో ఉండటమే కదా అమ్మకి గౌరవం."

"గుడ్డ మార్చడం గౌరవం కాదా అన్నయ్యా?"

"ఇదిగో, ఇప్పుడే మారుద్దామనుకుంటున్నాం," అంది వదిన, కాఫీ గ్లాసులు సర్దుకుంటూ, కూర్చున్నచోటు నుంచి కదలకుండా.

సుకస్మి అమ్మని లోపలికి ఎత్తుకెళ్ళి శుభ్రం చేసింది. ముందుగదిలో ఎవరో అంటున్నారు, ఈ ఇంట్లో ఆవిడ మొహం ఎంత తేటగా ఉందో అని. రేపు ఎవరి ఇంట్లో పోయిందని ఊరి పెద్దలు అడిగితే సాక్ష్యం చెప్పాల్సింది వీళ్ళే. సాక్ష్యాన్ని పెండలం ముక్కలతో ముందుగానే మేపుతున్నాడు వగీనో.

కొన్నాళ్ళకి తుమిజన్ వంతు వచ్చింది. అన్న పొలానికి వెళ్ళిన పొద్దున చూసుకుని, తల్లిని తన వీపుకి పొడుగుపాటి గుడ్డతో కట్టుకుని, మోటారు సైకిల్ మీద గతుకుల దారిలో తీసుకుపోయాడు. కాళ్ళు రెండు పక్కలా వేలాడుతున్నాయి, తల వెనక్కి పడి ఊగుతోంది. దారి పొడుగునా జనం నిలబడి చూశారు. చిన్నప్పుడు ఆవిడ వాణ్ణి ఇలాగే వీపున కట్టుకుని తిరిగేదని గుర్తు చేసుకుని ఒకావిడ కళ్ళు తుడుచుకుంది. ఆ సాయంత్రం తుమిజన్ ఇంట్లో కోడి కోశారు. వగీనో ఇంట కాఫీ తాగినవాళ్ళే వచ్చి మూతి తుడుచుకుని వెళ్ళారు.

సుకస్మి రోజూ వెళ్ళి వాకిట్లో నిలబడి వచ్చేది. "నిద్రపోతున్నారు వదినా," అని తుమిజన్ భార్య నవ్వుతూ గుమ్మానికి అడ్డంగా నిలబడేది. ఒకరోజు కిటికీలోంచి చూస్తే అమ్మ కళ్ళు తెరుచుకునే ఉన్నాయి. మొహం మీద ఈగలు.

శుక్రవారం మధ్యాహ్నం మగవాళ్ళంతా మసీదులో ఉంటారు. సుకస్మి జుమీరా ఇంటి తోపుడు బండి అడిగి తీసుకుంది, అడుగున గడ్డి పరిచింది. తుమిజన్ భార్య పెరట్లో బట్టలుతుకుతోంది. సుకస్మి చప్పుడు కాకుండా లోపలికి వెళ్ళి అమ్మని చేతుల మీద ఎత్తుకుంది. ఎండిన మట్టల మోపంత బరువు కూడా లేదు. బండిలో పడుకోబెట్టి, మొహానికి ఎండ తగలకుండా గుడ్డ కప్పి, కాలవ గట్టు దారి పట్టింది.

సగం దారిలో అమ్మ ఊపిరి మారింది. గొంతులో గుర్రుమంటూ ఆగి ఆగి వస్తోంది. ఆ చప్పుడు ఏమిటో సుకస్మికి తెలుసు, నాన్న దగ్గర విన్నదే. పక్కనే చెట్టు నీడ ఉంది. బండి ఆపి, అమ్మ తల ఒళ్ళో పెట్టుకుని, చెవిలో దేవుడి పేరు చెప్పి, గుక్కెడు కాలవ నీళ్ళు నోట్లో పోయవచ్చు. సుకస్మి ఆపలేదు. ఇంకాస్త, మా గుమ్మం దాకా, ఇంకాస్త అనుకుంటూ బండిని జోరుగా తోసింది. చక్రం రాళ్ళ మీద ఎగిరెగిరి పడింది. గుడ్డ కింద అమ్మ మూలిగింది. సుకస్మి ఇంకా జోరు పెంచింది.

అప్పటికే తుమిజన్ భార్య కేకలు మసీదు దాకా వెళ్ళాయి. ప్రార్థన ముగిసీ ముగియగానే అన్నదమ్ములిద్దరూ తెల్లచొక్కాలతో పరుగెత్తుకొచ్చారు. వెనకాలే జనం. తుమిజన్ బండి ముందు కొయ్య పట్టుకున్నాడు.

"అక్కా, ఏంటిది? రోగిష్టి మనిషిని ఎండలో పెట్టి తిప్పుతావా? మా ఇంటికి తిప్పు బండి."

"ఇక్కణ్ణించి మా ఇల్లే దగ్గర," అన్నాడు వగీనో ఒక చక్రం మీద చెయ్యి వేసి. "కాస్త నీడపట్టున పడుకుంటుంది పాపం."

"ఆరేళ్ళు ఏ నీడపట్టున పడుకున్నారు మీరు?" అంది సుకస్మి.

ఎవరూ గొంతు పెంచలేదు. కెడుంగ్‌సరిలో గొంతు పెంచడం మర్యాద కాదు. మర్యాదగానే ఒకడు ముందుకి లాగాడు, ఒకడు పక్కకి లాగాడు, ఆమె వెనక్కి లాగింది. బండిలో మనిషి అటూ ఇటూ దొర్లింది. ఆ కుదుపుకి మొహం మీద గుడ్డ జారిపోయింది. కళ్ళు తెరిచి ఉన్నాయి. ఒక ఈగ వచ్చి సరిగ్గా కనుపాప మీద వాలింది. రెప్ప పడలేదు.

ముగ్గురూ చూశారు. ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"నిద్ర పట్టింది," అన్నాడు తుమిజన్.

"అవును, ఊపిరుంది. నేను చూశాను," అన్నాడు వగీనో.

"ఉంది," అంది సుకస్మి. తన నోటి వెంటే ఆ మాట వచ్చింది. "మా ఇల్లు ఇదిగో, నాలుగడుగులు."

పుట్టి బుద్ధెరిగాక ఆ ముగ్గురు తోడబుట్టినవాళ్ళు ఒక్క మాట మీద నిలబడటం అదే మొదటిసారి. తల్లి చచ్చిపోలేదన్న మాట మీద నిలబడ్డారు, శవం పక్కన. చుట్టూ ఉన్నవాళ్ళు కూడా ఎవరి ఇంట తిన్నవాళ్ళు వాళ్ళకి వంత పాడారు. పెదవి కదిలిందన్నాడొకడు. వేలు ఆడిందన్నాడు ఇంకొకడు. పెద్దవాళ్ళు, అయిదు పూటలా నమాజు చేసేవాళ్ళు.

అప్పుడు రొకయా వచ్చింది. ఊళ్ళో పోయిన ఆడవాళ్ళందరికీ స్నానం చేయించేది ఆవిడే. ఎవరినీ ఏమీ అడగలేదు. వంగి కళ్ళు మూసింది, తన తలగుడ్డ చించి గడ్డం కింద నుంచి కట్టింది.

"పోయి కాసేపయింది," అంది.

"అయితే ఎవరి ఇంట పోయినట్టు?" అన్నాడెవరో. జుమీరాకి మరో సందేహం వచ్చింది. "మరి ఈ పూట ప్రార్థనలూ భోజనాలూ ఎవరి ఇంట్లో?"

"మా ఇంట్లో," అన్నారు అన్నదమ్ములు ఒక్కసారే.

"మసీదు నూతి దగ్గరికి తీసుకురండి," అంది రొకయా.

నూతి చుట్టూ గుడ్డలు అడ్డం కట్టారు. తల్లి పోతే కన్నపిల్లలు వరసగా కూర్చుని ఒళ్ళో పడుకోబెట్టుకుంటే అలా స్నానం చేయించడం అక్కడి ఆచారం. సుకస్మి కూర్చుంది. వగీనో తెల్లచొక్కా తడుస్తుందని నీళ్ళు నమిలాడు. తుమిజన్ చొక్కా అంచుతో ముక్కు మూసుకున్నాడు.

"ఏర్రా, ఇందాక బండి మీద చేతులు బాగానే పడ్డాయిగా. ఇప్పుడు ఒళ్ళు కూడా పట్టండి," అంది రొకయా.

కూర్చున్నారు. రొకయా ముసలావిడ ఒంటి మీది గుడ్డ విప్పి మనిషిని పక్కకి ఒత్తిగిలించింది. నడుము దగ్గర పుండు అరచెయ్యంత ఉంది. అందులో పురుగులు. తుమిజన్ మొహం తిప్పుకుని కక్కుకున్నాడు. రెక్కల కింద మోటారు సైకిల్ గుడ్డ కోసుకుపోయిన గీతలు. తల వెనక ఇంకా పచ్చిగా ఉన్న దెబ్బ ఒకటి, బండి కొయ్య కొట్టుకున్నది. అది ఎప్పుడు తగిలిందో సుకస్మికి ఒక్కదానికే తెలుసు.

రొకయా నీళ్ళు పోస్తూ, గుడ్డల అవతల ఉన్నవాళ్ళకి కూడా వినపడేట్టు మాట్లాడింది.

"ఈ చేతులతో ఎందరికో స్నానం చేయించాను. పేదవాళ్ళనీ చూశాను, దిక్కులేనివాళ్ళనీ చూశాను. ముగ్గురు పిల్లలుండి ఇలా పుచ్చిపోయిన ఒళ్ళు నేను చూడలేదు. ఇంటికొచ్చి కాఫీలు తాగారు కదమ్మా మీరంతా, ఒక్కళ్ళకీ ఈ కంపు తగల్లేదా? ముసలివాళ్ళని సాకినవాళ్ళకి పొలం ఇవ్వండి. శవం ఎవరి గుమ్మంలో దొరికిందని చూసి ఇస్తే, రేపు మీ పిల్లలు మిమ్మల్నీ ఇలాగే బండ్లకెక్కించి ఊరేగిస్తారు. నన్నడిగితే ఆ మడి సుకస్మిది. ఆరేళ్ళు చూసింది."

గుడ్డల అవతల గుసగుసలు బయల్దేరాయి. అవును, అదే న్యాయం అన్నారు కొందరు. ఇందాక వేలు ఆడిందన్నవాడి గొంతు కూడా అందులో ఉంది.

వగీనో చెల్లెలి చెవి దగ్గరికి వంగాడు. "మా ఇంటికి తెస్తుంటే పోయిందని చెప్పవే. సగం నీకిస్తాను."

సుకస్మి అతని వంక చూడలేదు. అమ్మ తల వెనక దెబ్బ మీద చెయ్యి పెట్టి నీళ్ళు పోయమంది. తర్వాత, అందరూ వినేట్టే చెప్పింది.

"అమ్మ దారిలో పోయింది అత్తా. ఊపిరి ఆగిపోతోందని నాకు తెలుసు. చెట్టు నీడన ఆపితే నా ఒళ్ళో పోయేది. మా గుమ్మం దాటితే పొలం నాదవుతుందని బండిని పరిగెత్తించాను. మూలిగింది, అయినా ఆపలేదు. ఈ దెబ్బ నేను కొట్టిందే. పెద్దలు పొలం ఇస్తే తీసుకుంటాను, అది లేకపోతే నాకు తిండి లేదు. కానీ వీళ్ళని చూసి అసహ్యించుకుని నన్ను మెచ్చుకోకండి. పొలం మీద కన్నేసి అమ్మ పక్కన కూర్చున్నవాళ్ళని, వాళ్ళు ఆరేళ్ళు కూర్చున్నా సరే, సేవ చేశారనకండి, కాపలా కాశారనండి."