రెండో డిస్కు కోసం ఆగిన ఓడ

పొద్దున తొమ్మిదింటికి ఆటల డాక్టరు కొట్టు షట్టరు ఎత్తితే, ఆ చప్పుడుకి మూడు వీధుల అవతల నిద్రపోతున్న పిల్లులు కూడా లేచి ఒళ్ళు విరుచుకునేవి. పాత వీడియో గేముల పెట్టెలు బాగుచేయడంలో భూమ్మీద అతన్ని మించినవాడు లేడు. తయారుచేసిన కంపెనీయే చేతులెత్తేసిన పెట్టెను ఎడమచేత్తో, కళ్ళు మూసుకుని, కుడిచేతిలో టీ చుక్క ఒలక్కుండా బతికించాడని వీధంతా చెప్పుకునేది. చెప్పుకునేవాళ్ళలో మొదటివాడు అతనే.

ముందు బల్ల తుడిచేవాడు. తర్వాత దూదిపుల్లను స్పిరిట్‌లో ముంచి నాలుగు పెట్టెల్లో డిస్కును చదివే కంటిఅద్దాలు శుభ్రం చేసేవాడు. ఆ తర్వాత అలమరలో ఉన్న పాత టీవీ స్విచ్చి వేసేవాడు.

"కెప్టెన్ గారూ, లేచారా?"

"నేను లేచాను. మోకాళ్ళే ఇంకా లేవలేదు," అనేవాడు తెరమీద కెప్టెన్.

అది నిజం మనుషులు నటించిన ఆట. నీలం పరదా ముందు నిలబెట్టి సినిమా తీసినట్టు తీసి డిస్కులోకి ఎక్కించారు. బొమ్మ అగ్గిపెట్టెంత. మొహాలు గళ్ళుగళ్ళుగా చెదిరిపోయేవి. పెదవులు ఒక దారి, మాటలు ఇంకో దారి. అయినా ఆ రోజుల్లో పిల్లలు దాన్ని చూస్తూ వారాల తరబడి రెప్ప వేయలేదు. కథ ఒకచోట ఆగి, రెండు మాటలు చూపించి, ఏది కావాలో నొక్కమనేది. అయిదు సెకన్లలో నొక్కకపోతే రెండోదాన్ని అదే ఎంచుకునేది. మొదటి డిస్కు చివర తుఫాను ముంచుకొస్తుండగా కెప్టెన్ చెయ్యెత్తి, "రెండో డిస్కు పెట్టండి," అనేవాడు.

ఆ రెండో డిస్కు ఇరవై ఎనిమిదేళ్ళ కిందట పాడైపోయింది. అప్పట్నుంచీ కెప్టెన్ ఓడమీద అలాగే నిలబడి ఉన్నాడు. మీసం నెరిసింది. కళ్ళజోడు వచ్చింది. ఎదురుకొట్టు మంగలి వారానికోసారి వచ్చి జుట్టుకు రంగు వేయించుకోమని పోరేవాడు. అందులో వింతేముంది? అన్నేళ్ళు నిలబెడితే ఎవరైనా ముసలివాళ్ళే అవుతారు.

డాక్టరు మాత్రం ఆయన కళ్ళలోకి ఎన్నడూ చూడలేదు.

డిస్కును పాడుచేసింది అతనే. అప్పుడు పదమూడేళ్ళు. రెండో డిస్కు మీద వేలిముద్ర పడి బొమ్మ ఆగిపోతోంది. చెల్లెలు బడినుంచి వచ్చేలోగా తనే ముందు ఆట గెలవాలని, పళ్ళపేస్టు రాసి గబగబా గుండ్రంగా తోమేశాడు. డిస్కును నడిమినుంచి అంచుకి తిన్నగా తుడవాలి. గుండ్రంగా తుడిస్తే గీత, గుండ్రంగానే రాసి ఉన్న మాట వెంటే పరిగెత్తి మొత్తం కథను మింగేస్తుంది. వాళ్ళ నాన్నదీ ఇదే కొట్టు, ఇదే పని. ఆయన డిస్కును వెలుగులో తిప్పి చూశాడు.

"వాడికి నేను నేర్పాను. వాడు ఇలా తుడవడు," అన్నాడు. తర్వాత పదకొండేళ్ళ కూతురి వైపు తిరిగాడు. "ఈ పిల్ల చెయ్యి పడితే ఇనుము కూడా కుళ్ళిపోతుంది."

డాక్టరు అప్పుడు నోరు విప్పలేదు. నాన్న పోయేదాకా విప్పలేదు. పోయాకా విప్పలేదు. లోకంలోని పెట్టెలన్నీ విప్పాడు గానీ ఆ ఒక్క మాట విప్పలేకపోయాడు.

గడియారం టిక్కుటిక్కు విని ఏ చక్రం పన్ను అరిగిందో చెప్పగల పిల్ల ఆ రోజునుంచి స్క్రూడ్రైవర్ ముట్టుకోలేదు. ఇప్పుడు అట్టపెట్టెల ఫ్యాక్టరీలో పెట్టెలు లెక్కపెడుతోంది.

ఒక ఉదయం స్కూలు బస్సు డ్రైవరు అటక దులిపి తెచ్చిన సామానులో రెండో డిస్కు బయటపడింది. ఒక్క గీత లేదు. కబురు వీధి చివరికి వెళ్ళి తిరిగొచ్చేసరికి కొట్టు ముందు జాతరలా జనం. మంగలి సగం గడ్డం గీసిన మనిషిని కుర్చీలోనే వదిలేసి వచ్చాడు.

డాక్టరు మాత్రం డిస్కును సొరుగులో పెట్టేశాడు. "మధ్యాహ్నం పెడతాను, పొండి," అని అందరినీ తరిమేశాడు.

ఫ్యాక్టరీలో భోజనం బెల్లు కాగానే చెల్లెలు వచ్చింది.

"దొరికిందటగా అన్నయ్యా?"

"ఊఁ. నువ్వే పెట్టకూడదూ?"

"నేనా? పాపం, ఇన్నాళ్ళు నిలబడ్డ మనిషిని ముంచమంటావా?" అని నవ్వింది.

ఆ నవ్వు అతని గుండెలో మేకులా దిగింది.

"మీ ఫ్యాక్టరీ మెషీను సంగతేమైంది?" అని మాట మార్చాడు.

"నాలుగు రోజులుగా పడకేసింది. లోపల ఏం పోయిందో చప్పుడు విని చెప్పానా, అప్పట్నుంచి సూపర్‌వైజరు నన్ను వదలడం లేదు. నువ్వే విప్పు, మెకానిక్ ఉద్యోగం నీకే రాయిస్తానంటాడు. రెండింటికల్లా ఒప్పుకోకపోతే బయటివాణ్ణి తెస్తారట."

"ఒప్పుకోవచ్చుగా?"

"నా చెయ్యి సంగతి ఆయనకేం తెలుసు? వద్దని చెప్పడానికే వెళ్తున్నా. ముందు నీ డిస్కు పెట్టు, చూసిపోతాను."

టైము ఒంటిగంటా నలభై. డాక్టరు డిస్కు పెట్టాడు. మూత మూసి మీట నొక్కాడు.

తెరమీద సముద్రం లేచింది. కెప్టెన్ ఇరవై ఎనిమిదేళ్ళ తర్వాత మొదటి అడుగు వేశాడు. చెల్లెలు చప్పట్లు కొట్టింది. ఆయన అంచుదాకా నడిచి, ఆగి, నేరుగా డాక్టరు వైపు చూశాడు.

"ఆ రోజు నా సముద్రంలో గుండ్రంగా సుడి లేచింది. తిప్పిన చెయ్యి ఎవరిదో నేను చూశాను. పిచ్చాపాటీ ఎంతైనా మాట్లాడతాను గానీ, కథలో మాట నువ్వు నొక్కందే నా నోట రాదు."

ఆయన కాళ్ళకింద రెండు మాటలు వెలిగాయి. చెప్పు. చెప్పకు.

"ఏం చెప్పాలిట?" అంది చెల్లెలు.

అయిదు. నాలుగు. ఇన్నేళ్ళూ అతను చేసిందల్లా ఈ సెకన్లు జారిపోనివ్వడమే. మూడు. రెండు.

నొక్కాడు.

కెప్టెన్ టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. "నొక్కింది నువ్వు. మాట కూడా నీదే," అన్నాడు.

"అమ్మలూ," అన్నాడు డాక్టరు. ఉపన్యాసం మొదలుపెడితే సాయంత్రందాకా ఆపని మనిషికి నాలుగే మాటలు వచ్చాయి. "ఆ డిస్కు నేనే పాడుచేశాను."

"ఏ డిస్కు?"

"అప్పటిది. పేస్టుతో. నువ్వు బళ్ళో ఉన్నావు."

చెల్లెలు వేలితో బల్లమీద ఒక సున్నా చుట్టింది.

"గుండ్రంగానా?"

"గుండ్రంగానే."

"నాన్న నేర్పాక కూడానా?" ఆమె గొంతు పెరిగింది. "గుండ్రంగా తుడవకూడదని నాకు ఆరేళ్ళప్పుడే తెలుసురా! నాకెవరూ నేర్పలేదు, చూసి తెలుసుకున్నాను. నిద్రలో లేచి నేనే తోమానేమో అనుకున్నాను. నా కూతురు పుట్టినప్పుడు నర్సు అందిస్తే ఎత్తుకోవడానికి భయపడ్డాను, తెలుసా నీకు?"

ఎప్పుడూ "అన్నయ్యా" అనే మనిషి "రా" అంది. అతను తల వంచుకున్నాడు. క్షమించమని అడగబోయాడు గానీ, అదీ తన సుఖం కోసమే అనిపించి ఆగిపోయాడు.

"నాన్న పోయేముందైనా చెప్పాల్సింది," అంది. చెప్పులు వేసుకుని ఫ్యాక్టరీ వైపు నడిచింది. వద్దని చెప్పడానికో, సరేనని చెప్పడానికో ఆ నడకను బట్టి తెలియలేదు.

రెండయింది. రెండుంబావు. డాక్టరు వీధిలో నిలబడి చెవులు రిక్కించాడు. ఒక పెట్టె రిపేరుకు వచ్చింది, రేపు రమ్మన్నాడు. మంగలి పలకరించాడు, వినిపించుకోలేదు. మూడున్నరకి ఫ్యాక్టరీ మెషీను ఒకసారి దగ్గింది. ఆగింది. మళ్ళీ దగ్గి, ఈసారి గర్జించింది. కిటికీల అద్దాలు గలగలలాడాయి. నాలుగు రోజులుగా పనిలేక అరుగుల మీద కూర్చున్నవాళ్ళు కేకలు పెట్టి పరిగెత్తారు. అతను లోపలికొచ్చి చూస్తే తెరమీద ఓడ లేదు. ఖాళీ సముద్రం, గళ్ళుగళ్ళుగా.

అయిదున్నరకి చెల్లెలు వచ్చింది. మోచేతులదాకా గ్రీజు, చెంపమీద గ్రీజు. టీవీని చూసింది.

"వెళ్ళిపోయాడా?"

"వెళ్ళిపోయాడు."

"నా మీద ఇంకేమైనా తోశావా? చిన్నదైనా సరే."

లేదనబోయి ఆగాడు. వేళ్ళు మడిచి లెక్కపెట్టాడు. "మూడున్నాయి," అన్నాడు.

ఆమె బల్ల ముందున్న అతని కుర్చీని లాక్కుని కూర్చుంది.

"మొదలుపెట్టు," అంది.