ఈతకొలను పూడ్చిన వేసవి

నాకు పన్నెండేళ్లు నిండిన వేసవిలో మా ఊరి ఈతకొలనును మట్టితో పూడ్చేశారు. పూడ్పించినవాడు మా నాన్న. కోల్బీ క్రాసింగ్ పురపాలక సంఘంలో ఆయన మాటకు తిరుగుండేది కాదు.

కారణం ఒక ఉత్తరం. నల్లవాళ్ల బడిలో పాఠాలు చెప్పే ప్రూయిట్ పంతులమ్మ, తన పిల్లల్ని వారానికి ఒక్క పూట, సోమవారం పొద్దున, తెల్లవాళ్లు మాత్రమే ఈదే ఆ కొలనులో దిగనివ్వమని రాసింది. సోమవారం మధ్యాహ్నం ఎలాగూ నీళ్లు మారుస్తారు కాబట్టి ఎవరికీ ఇబ్బంది ఉండదని కూడా ఆవిడే మర్యాదగా గుర్తుచేసింది.

సంఘం మూడు గంటలు చర్చించింది. గోడలు బీటలు వారాయి కనుక పిల్లల క్షేమం కోసం కొలను మూసెయ్యాలని ఏకగ్రీవంగా తీర్మానించింది. ఆ గోడలు కట్టి నాలుగేళ్లే అయింది. కట్టించిందీ మా నాన్నే.

రాత్రి భోజనాల దగ్గర అడిగాను.

"బీటలెక్కడున్నాయి నాన్నా? నేను రోజూ ఈదుతున్నాగా."

"కంటికి కనపడే బీటలు కావమ్మా అవి," అంటూ నాన్న వేయించిన బెండకాయలు వడ్డించుకున్నాడు. "ఆ పంతులమ్మ ఒడెస్సా ఊరుకుని ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు."

"తిను మావిస్, చల్లారిపోతోంది," అంది అమ్మ. మా ఇంట్లో ఏ చర్చ అయినా అలాగే ముగిసేది.

మూడు రోజులు లారీలు ఎర్రమట్టి తోలాయి. ఆ తర్వాత జూలై ఎండలో మేం పిల్లలందరం వరండాల్లో కూర్చుని, చర్చిలో పంచిన అట్ట విసనకర్రలతో విసురుకున్నాం. మా క్షేమానికి లోటు లేదు. అలా కూర్చున్న నాలుగో రోజు నేను తువ్వాలు చంకన పెట్టుకుని, ఎవరికీ చెప్పకుండా ఊరి చివర వాగుకు వెళ్లాను.

అక్కడ పదిమంది నల్లపిల్లలు హాయిగా ఈదుతున్నారు. వాళ్లలో పెద్దది ఐజోలా, ప్రూయిట్ పంతులమ్మ కూతురు. పద్నాలుగేళ్లుంటాయి.

"దారి తప్పావా పిల్లా?" అంది బండమీద నుంచి.

"ఈదడానికొచ్చాను."

"మీ కొలనేమైంది?"

"బీటలు వారిందట."

"ఒక్క ఉత్తరం పడితేనే? మా అమ్మ చేతిరాత అంత బరువని మాకు తెలీదే."

పిల్లలు పడీపడీ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది.

కొలనులో నన్ను మించినవాళ్లు లేరు. వాగు మాత్రం నన్ను ఎండుటాకులా లాక్కుపోయింది. ఐజోలా దూకి, జుట్టు పట్టి గట్టుకు ఈడ్చింది.

"నీళ్లతో పోట్లాడతావేంటి? అడ్డంగా ఈదు, అదే ఒడ్డుకు చేరుస్తుంది."

మూడు వారాలపాటు నాకు వాగులో ఈత నేర్పింది. ఇంటికి బయలుదేరేటప్పుడు రోజూ ఒకటే మాట చెప్పేది.

"ఊళ్లో కనపడితే పలకరించకు. ఎవరైనా అడిగితే నేనెవరో తెలీదను. మా అమ్మ ఉద్యోగం పోతుంది."

సరేననేదాన్ని. కానీ లోలోపల నేను అలాంటిదాన్ని కానని నా నమ్మకం. పదిమందిలో ఆమెను పేరుపెట్టి పలకరించినట్టు, ఊరంతా నోరు తెరిచినట్టు రోజూ పడుకునే ముందు ఊహించుకునేదాన్ని.

ఆగస్టులో ఒక శనివారం నాన్నతో మందుల షాపుకు వెళ్లాను. ఎదురుగా ఐజోలా, వాళ్లమ్మ వస్తున్నారు. మాకు దారి ఇవ్వడానికి ఇద్దరూ కాలిబాట దిగి రోడ్డు మీద నిలబడ్డారు. ఐజోలా ఒక్క క్షణం నా వైపు చూసి తల దించుకుంది.

"ఆ పిల్ల నీకు తెలుసా?" అన్నాడు నాన్న.

"ఎవరో, నాకేం తెలుసు."

ఆమె చెప్పమన్న మాటే. కానీ అది నోటినుంచి ఊడిపడినప్పుడు నాకు ఐజోలా గుర్తు లేదు, వాళ్లమ్మ ఉద్యోగమూ గుర్తు లేదు. నాన్న మొహం ఒక్కటే కనపడింది.

నాన్న నా భుజం తట్టాడు. "ఈ వేసవిలో నీకు బుద్ధి బాగా వచ్చింది," అని పీచ్ పండ్ల ఐస్‌క్రీం కొనిపెట్టాడు. అంతా తిన్నాను. బాగానే ఉంది.

సోమవారం వాగుకు వెళ్లాను.

"మొన్న నేనన్నది వినపడిందా?" అని అడిగాను.

"వినపడింది. చెప్పమన్నట్టే చెప్పావు."

"నీకోసం చెప్పలేదు ఐజోలా."

"తెలుసు. నీ మొహం చూశాగా," అంది. కోపంగా అనలేదు. చిన్నపిల్లకెవరికో వెల్లకిలా తేలడం నేర్పడానికి అటు వెళ్లిపోయింది.

గట్టుమీద చాలాసేపు కూర్చున్నాను. తర్వాత నేనూ నీళ్లలోకి దిగాను. ఎవరూ వద్దనలేదు, రమ్మనీ అనలేదు.